థర్టీ ఆట్ సిక్స్‌కి ఇంట్లో తూటాలు రీలోడ్ చేసుకోవడం ఎలా: బెంచ్ మీద పని, రైఫిల్‌కి కొనాల్సిన సామాను

అమెరికాలో వేటకి వెళ్లేవాళ్లని "ఒక్క రైఫిలే ఉంచుకోవాలంటే ఏది ఉంచుకుంటారు" అని అడగండి, చాలామంది చెప్పే పేరు థర్టీ ఆట్ సిక్స్. కాగితం మీద .30-06 అని రాస్తారు. 30 అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో నూటికి ముప్పై వంతులు, 06 అంటే అమెరికా సైన్యం దాన్ని తీసుకున్న 1906వ సంవత్సరం. నూట ఇరవై ఏళ్లయినా ఇది పాతబడకపోవడానికి కారణం బుల్లెట్ల రకాలు. 110 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చిన్న బరువు కొలత) తేలిక బుల్లెట్ నుంచి 220 గ్రెయిన్ల బరువు బుల్లెట్ దాకా అన్నీ ఈ ఒక్క కేస్‌లో, అంటే తూటా ఇత్తడి గొట్టంలో, పడతాయి. టెక్సస్‌లో అడవి పందికీ, కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద జింకకీ, శనివారం రేంజ్‌లో కాగితం మీద గురి చూసుకోవడానికీ రైఫిల్ మార్చనక్కర్లేదు, తూటా మారిస్తే చాలు. అందుకే ఈ క్యాలిబర్‌కి (తూటా సైజుకి) రీలోడింగ్, అంటే కాల్చిన కేస్‌ని మళ్లీ నింపి తూటా చేసుకోవడం, నేర్చుకుంటే పడిన కష్టానికి ఫలితం ఎక్కువ.

డబ్బు మిగులుతుందని మాత్రం మొదలుపెట్టకండి. ఏడాదికి ఒక డబ్బా కాల్చేవాళ్లకి పనిముట్ల ఖర్చు కూడా తిరిగి రాదు. మీ రైఫిల్‌కి నప్పే తూటా మీరే తయారు చేసుకోవడం, ప్రతిసారీ ఒకేలా తయారు చేసుకోవడం, ఇందులో ఉన్న లాభం అదే.

ముందు చట్టం

అమెరికాలో సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. అమ్మడం మొదలుపెడితే తూటాల తయారీదారు లైసెన్స్ కావాలి. మనవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. "స్నేహితుడు ఇచ్చాడు, గరాజ్‌లో పెట్టాను" అన్నా అది నేరమే అవుతుంది. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్లకి ఈ నిషేధం లేదు. మీ స్టేటస్ విషయంలో ఏ మాత్రం అనుమానం ఉన్నా లాయర్‌ని అడిగాకే ముందుకెళ్లండి. రాష్ట్రాల చట్టాలు వేరే ఉంటాయి. కాలిఫోర్నియాలో వేటకి సీసం బుల్లెట్లు 2019 జులై నుంచి పూర్తిగా నిషేధం, అక్కడ రాగి లాంటి సీసం లేని బుల్లెట్లే లోడ్ చేసుకోవాలి.

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లకి ఒక మాట. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. రైఫిల్‌కి లైసెన్స్ ఉన్నంత మాత్రాన ఇంట్లో తూటా చేసుకోవచ్చని కాదు. కింద చెప్పే బెంచ్ పని అమెరికాలో చట్టప్రకారం రైఫిల్ ఉన్నవాళ్ల కోసమే.

పని ఏమిటో తేల్చుకున్నాకే సామాను

కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు ముందు ప్రెస్ (కేసుల్ని నొక్కి పని చేసే యంత్రం) కొనేసి తర్వాత ఆలోచించడం. మీరు ముందు ఏం వేటాడతారో, ఎంత దూరం నుంచో తేల్చుకోండి. దాన్నిబట్టి బుల్లెట్, బుల్లెట్‌ని బట్టి పౌడర్, చివర పనిముట్లు.

మాటల్లో గందరగోళం లేకుండా ఒకటి చెప్తాను. మనం మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం గానీ, బెంచ్ దగ్గర బుల్లెట్ అంటే ముందుకి ఎగిరిపోయే ముక్క మాత్రమే. ఇత్తడి గొట్టం కేస్. దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న గిన్నె ప్రైమర్. లోపల మందు పౌడర్. నాలుగూ కలిస్తే తూటా. కొలత గ్రెయిన్. 7,000 గ్రెయిన్లు ఒక పౌండు, ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు. బుల్లెట్ బరువూ పౌడర్ బరువూ రెండూ గ్రెయిన్లలోనే చెప్తారు కాబట్టి పుస్తకం చదివేటప్పుడు ఏ గడిలో ఏది ఉందో వేలు పెట్టి చూసుకోండి.

జింకకి 150 గానీ 165 గానీ సరిపోతుంది. ఎల్క్ లాంటి పెద్ద జంతువుకి 180. ఒక్కటే చెప్పమంటే నేను 165 చెప్తాను, అన్నిటికీ మధ్యస్థంగా ఉంటుంది, భుజానికి దెబ్బా తక్కువ. ఈ క్యాలిబర్ రైఫిళ్లలో ఎక్కువ వాటికి గొట్టం లోపలి మెలిక పది అంగుళాలకి ఒక చుట్టు, అందుకే తేలికవీ బరువువీ రెండూ స్థిరంగానే వెళ్తాయి. బుల్లెట్ వ్యాసం మాత్రం 0.308 అంగుళం. పేరులో 30 ఉంది కదా అని వేరే సైజు కొనకండి.

పౌడర్‌లో ఈ కేస్‌కి ఎక్కువమంది వాడేవి 4350, 4064, 4895 రకాలు. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. ఐఎంఆర్ 4350, హెచ్ 4350 అంకె ఒకటే అయినా ఒకే పౌడర్ కాదు. ఒకదాని లెక్కతో ఇంకొకటి పోయకూడదు. డబ్బా మీద పేరు అక్షరం అక్షరం పుస్తకంలో పేరుతో కలవాలి.

ఎన్ని గ్రెయిన్ల పౌడర్ పోయాలో నేను ఇక్కడ రాయను. నా రైఫిల్‌లో బాగా నడిచింది మీ రైఫిల్‌లో ఒత్తిడి మించిపోవచ్చు. హార్నడీ, సియర్రా, లైమన్, హాడ్జ్‌డన్ లాంటి వాళ్లు ల్యాబ్‌లో పరీక్షించి మాన్యువల్స్ ప్రచురిస్తారు. కనీసం రెండు దగ్గర పెట్టుకుని పోల్చండి. స్నేహితుడు చెప్పిన అంకె, ఎక్కడో చదివిన అంకె మాన్యువల్‌లో కనపడకపోతే అది లేనట్టే. రాగి బుల్లెట్లకి విడిగా లెక్క ఉంటుంది. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకి బుల్లెట్ పొడుగవుతుంది, కేస్‌లో ఎక్కువ చోటు తింటుంది, ఒత్తిడి మారుతుంది.

మీ రైఫిల్ పాత ఎమ్1 గారాండ్ అయితే ఆగండి. అది కూడా థర్టీ ఆట్ సిక్సే, కానీ మండిన పౌడర్ గ్యాస్‌తో నడిచే తుపాకీ. నెమ్మదిగా మండే పౌడర్లు దాని ఆపరేటింగ్ రాడ్‌ని వంచేస్తాయి. మాన్యువల్స్‌లో గారాండ్ కోసం ప్రత్యేక పేజీ ఉంటుంది, అది తప్ప వేరే లెక్క వాడకండి.

ఎక్కడ ఖర్చు పెట్టాలి

సింగిల్ స్టేజ్ ప్రెస్ చాలు. ఒక్కసారికి ఒక్క పని చేస్తుంది, నెమ్మదిగా ఉంటుంది, నేర్చుకునేవాళ్లకి ఆ నెమ్మదే రక్ష. డైల సెట్ (కేస్‌కి కొలత తెచ్చి, బుల్లెట్ దించే అచ్చులు), కేస్‌ని పట్టుకునే షెల్ హోల్డర్, కేస్ లూబ్ (జారుడు నూనె), పొడవు కొలిచే డయల్ కాలిపర్, పొడవు తగ్గించే కేస్ ట్రిమ్మర్, అంచులు నునుపు చేసే చాంఫర్ పనిముట్టు, చేత్తో ప్రైమర్ ఎక్కించేది, గరాటు, కేసులు నిలబెట్టే లోడింగ్ బ్లాక్, వీటిలో చవకవి తీసుకున్నా పని జరుగుతుంది. త్రాసు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. బీమ్ త్రాసైనా, డిజిటలైనా, పరీక్షించుకునే చెక్ వెయిట్లు తప్పకుండా కొనండి. బంగారం కొట్లో త్రాసు చుట్టూ అద్దాల పెట్టె ఎందుకు ఉంటుందో గుర్తుందా? ఇక్కడా అంతే. ఏసీ గాలి, సీలింగ్ ఫ్యాన్, పక్కనే పెట్టిన ఫోన్, ఏదైనా అంకెని కదిలించగలదు. ఫ్యాన్ ఆపండి, డిజిటల్ త్రాసుని ముందుగా ఆన్ చేసి కాసేపు వదిలేయండి, పని మధ్యలో పదేసి కేసులకి ఒకసారి చెక్ వెయిట్ పెట్టి చూడండి.

పౌడర్, ప్రైమర్లు వాటి సొంత డబ్బాల్లోనే ఉండాలి. గాజు సీసాలోకి మార్చడం, ప్రైమర్లని గుప్పెడు తీసి డబ్బాలో పోసుకోవడం చాలా ప్రమాదం, ఒకటి పేలితే అన్నీ పేలతాయి. అమెరికాలో చాలా చోట్ల పాటించే ఫైర్ కోడ్ ఇంట్లో 20 పౌండ్ల పౌడర్, 10,000 ప్రైమర్ల దాకా అనుమతిస్తుంది, మీ ఊరి నిబంధన ఒకసారి చూసుకోండి. టెక్సస్ ఎండలో గరాజ్‌లో మాత్రం పెట్టకండి. ఇంటి లోపల చల్లగా, పొడిగా, పిల్లలకి అందని చోట, తాళం వేసి.

బెంచ్ మీద పని

టీవీ కట్టేయండి. ఫోన్ వేరే గదిలో. పక్కన ఎవరూ మాట్లాడకూడదు. బెంచ్ మీద ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి, మిగతావన్నీ అల్మారాలో. కళ్లజోడు పెట్టుకోండి.

మొదట కేసులు చూడండి. మెడ దగ్గర పగులు, పక్కన నొక్కు, అడుగున మసి కారిన గుర్తు ఉంటే పారేయండి. అడుగుకి కాస్త పైన చుట్టూ మెరిసే గీత కనిపిస్తే ఇత్తడి అక్కడ పలచబడిందన్నమాట. ఒక పేపర్ క్లిప్ నిటారుగా చేసి, చివరని చిన్న కొక్కెంలా వంచి, కేస్ లోపలి గోడ మీద కింద నుంచి పైకి లాగండి. గాడిలో తట్టుకున్నట్టు అనిపిస్తే ఆ కేస్ ఇంకొకసారి కాలిస్తే రెండు ముక్కలవుతుంది. లోపలికి లైట్ వేసి అడుగున ఒకే రంధ్రం ఉందో లేదో కూడా చూడండి. రెండు చిన్న రంధ్రాలుంటే అది బెర్డాన్ రకం, పాత ప్రైమర్‌ని తోసే మన డై సూది విరిగిపోతుంది, పక్కన పెట్టేయండి. మిలిటరీ కేసుల్లో ప్రైమర్ చుట్టూ నొక్కి ఉంటుంది, ఆ నొక్కు తీసేదాకా కొత్త ప్రైమర్ ఎక్కదు.

తర్వాత కేసులు శుభ్రం చేసి, వేళ్లతో పలచగా లూబ్ రాసి, సైజింగ్ డైలోకి నెట్టాలి. ఇదే పాత ప్రైమర్‌ని కిందికి తోసేస్తుంది, ఉబ్బిన కేస్‌ని పాత కొలతకి తెస్తుంది. నేను మొదట్లో లూబ్ మరీ తక్కువ రాసి ఒక కేస్‌ని డైలో ఇరికించాను. బలం పెట్టి లాగితే అంచు ఊడిపోయింది, కేస్ లోపలే ఉండిపోయింది. డ్రిల్ చేసి, మరలు కోసి బయటికి తీసేసరికి ఒక సాయంత్రం మొత్తం పోయింది. అలాగని ఎక్కువ రాస్తే కేస్ భుజం (మెడ కింద వాలు) దగ్గర నూనె చేరి గుంట పడుతుంది. వేలికి జిడ్డు తగిలేంత, కంటికి కనపడనంత. మెడ లోపల కూడా కాస్త తగిలించండి.

డైని ఎంత కిందికి బిగించాలనేది కేస్ ఆయుష్షుని నిర్ణయిస్తుంది. మరీ కిందికి బిగిస్తే భుజం ఎక్కువ వెనక్కి పోతుంది, కాల్చినప్పుడు కేస్ సాగుతుంది, నాలుగైదు సార్లకే నేను చెప్పిన ఆ మెరిసే గీత వస్తుంది. మీ రైఫిల్‌లో కాల్చిన కేస్‌ని కొలిచి, దానికన్నా భుజం అంగుళంలో వెయ్యికి రెండు వంతులు మాత్రం వెనక్కి పోయేలా కొద్దికొద్దిగా సర్దుకోండి. బోల్ట్ (తూటా వెనక మూసే కడ్డీ) సులువుగా మూసుకోవాలి, వేట దగ్గర అదే ముఖ్యం.

లూబ్ తుడిచి పొడవు కొలవండి. గరిష్ఠం 2.494 అంగుళాలు. దాటితే 2.484కి ట్రిమ్ చేసి, మెడ లోపలి అంచు, బయటి అంచు నునుపు చేయండి. పొడుగైన కేస్ మెడ చాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) చివర తగిలి బుల్లెట్‌ని నొక్కిపట్టుకుంటుంది, ఒత్తిడి ఒక్కసారి పెరిగిపోతుంది. ఈ కొలత ఎప్పుడూ వదలకండి.

ప్రైమర్ లార్జ్ రైఫిల్ సైజు. చేతి పనిముట్టుతో ఎక్కిస్తే లోపలికి దిగడం వేళ్లకే తెలుస్తుంది. అడుగు మీద వేలు రాస్తే ప్రైమర్ కాస్త లోపలికి తగలాలి, పైకి పొడుచుకు రాకూడదు.

ఇప్పుడు పౌడర్. మాన్యువల్‌లో ఇచ్చిన ఆరంభ కొలతతోనే మొదలుపెట్టాలి, గరిష్ఠంతో కాదు. ఆరంభ కొలతకన్నా తగ్గించడమూ మంచిది కాదు, నెమ్మది పౌడర్ బాగా తక్కువ పోస్తే వింతగా మండి ప్రమాదం తెస్తుంది. పిల్లలకో, కొత్తవాళ్లకో దెబ్బ తక్కువ తూటా కావాలంటే హాడ్జ్‌డన్ వాళ్లు హెచ్ 4895తో యూత్ లోడ్లని విడిగా ప్రచురించారు, అవి వాడండి.

నేను పాటించే పద్ధతి ఇది. ఖాళీ కేసులన్నీ బ్లాక్‌లో తలకిందులుగా ఉంటాయి. ఒక్కటి తీస్తాను, పౌడర్ తూచి పోస్తాను, నోరు పైకి ఉండేలా పెడతాను. తలుపు కొట్టినా, ఎవరైనా పిలిచినా ఏది నిండిందో ఏది నిండలేదో అనుమానం రాదు. అన్నీ అయ్యాక టార్చ్ వేసి వరసగా ప్రతి కేస్‌లో మట్టం చూస్తాను. 4350 లాంటి పౌడర్ కేస్‌ని దాదాపు నింపేస్తుంది, రెండుసార్లు పోస్తే పొంగి బయటపడుతుంది. నెమ్మది పౌడర్ ఎంచుకోవడంలో ఈ రక్షణ కూడా ఉంది. ఒక్క కేస్‌లో మట్టం తేడాగా కనిపించినా ఒలికించి మళ్లీ తూచండి.

బుల్లెట్ దించడం చివరి పని. తూటా మొత్తం పొడవు 3.340 అంగుళాలు మించకూడదు, కానీ మీ బుల్లెట్‌కి మాన్యువల్ ఏ పొడవు చెప్పిందో అదే పెట్టండి. బుల్లెట్ ముందుకి వచ్చి గొట్టంలోని గాడులకి ఆనుకుంటే ఒత్తిడి పెరుగుతుంది. చేత్తో బోల్ట్ నడిపే బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి సాధారణంగా క్రింప్ (కేస్ నోటిని బుల్లెట్ మీదికి నొక్కడం) అక్కర్లేదు.

డబ్బా మీద వెంటనే చీటీ అతికించండి: తేదీ, కేస్, ప్రైమర్, పౌడర్ పేరు, కొలత, బుల్లెట్, పొడవు. నోట్‌బుక్‌లో కూడా. చీటీ లేని తూటాని నేను కాల్చను, విప్పేస్తాను. పని అయ్యాక పౌడర్ డబ్బాలోకి తిరిగి పోసి, చేతులు చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కోండి. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది, అన్నం తినే చేతులవి.

రేంజ్‌లో పరీక్ష

ఆరంభ కొలత నుంచి అర గ్రెయిన్ చొప్పున పెంచుతూ, ఒక్కో కొలతకి ఐదేసి తూటాలు చేసుకోండి. తక్కువ నుంచి కాలుస్తూ ప్రతి కేస్ చూడండి. బోల్ట్ ఎత్తడానికి బలం పట్టడం, ప్రైమర్ అప్పడంలా చదునైపోవడం, కేస్ అడుగున మెరిసే మచ్చ పడటం, వీటిలో ఏది కనిపించినా ఆగిపోండి, మిగతా తూటాలు ఇంటికెళ్లి విప్పేయండి. ఈ గుర్తులు కనిపించేసరికే ఒత్తిడి హద్దు దాటి ఉండొచ్చు, అందుకే గరిష్ఠం దాకా వెళ్లాలనే తాపత్రయం వద్దు. ఎక్కువ రైఫిళ్లకి గరిష్ఠం కన్నా కాస్త కిందే గుంపు బిగుస్తుంది, అంటే తూటాలు దగ్గరదగ్గరగా తగులుతాయి. జనవరి చలిలో బాగున్న తూటా ఆగస్టు ఎండలో, కారులో వేడెక్కాక వేరేగా ప్రవర్తిస్తుంది. వేడికి తక్కువ మారే పౌడర్ కావాలనే నేను హెచ్ 4350 వాడతాను.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టం లక్ష్యం వైపే ఉంచి ఒక నిమిషం ఆగాలి. చప్పుడు నీరసంగా వస్తే వెంటనే ఆపేసి, రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసి గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి. బుల్లెట్ లోపల ఇరుక్కుని ఉండగా ఇంకొకటి కాలిస్తే గొట్టం పగులుతుంది.

రైఫిల్‌కి ఏం కొనాలి

స్కోప్ 3-9x40 (మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దదిగా చూపేది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు) చాలు. జింకని చూసే దూరాలకి ఇంతకు మించి అక్కర్లేదు, పెద్ద స్కోప్ బరువు తప్ప ఇంకేమీ ఇవ్వదు. స్కోప్‌ని రైఫిల్‌కి బిగించే బేస్, రింగులు మాత్రం మంచివి కొనండి. పిండి కొద్దీ రొట్టె అన్నట్టే ఉంటుంది ఇక్కడ. ఈ క్యాలిబర్ కుదుపుకి చవక రింగుల్లో స్కోప్ జారుతుంది, మీరేమో తూటాలో తప్పుందని వారాల తరబడి పౌడర్ మారుస్తూ కూర్చుంటారు. తయారీదారు చెప్పిన అంగుళం-పౌండ్ల లెక్కకి టార్క్ డ్రైవర్‌తో బిగించండి. కుదుపుకి కన్ను తగలకుండా స్కోప్‌కీ కంటికీ మధ్య మూడు నాలుగు అంగుళాలు ఉండాలి.

గురి సరిచేయడం 25 గజాల దగ్గర మొదలుపెట్టి 100 గజాలకి వెళ్లండి. ఒక ఎంఓఏ (గురి కోణం కొలత) అంటే 100 గజాల దగ్గర దాదాపు ఒక అంగుళం, పావు ఎంఓఏ స్కోప్‌లో నాలుగు క్లిక్‌లు. 25 గజాల దగ్గర అదే అంగుళానికి పదహారు క్లిక్‌లు పడతాయి, కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు. 100 గజాల దగ్గర దాదాపు రెండు అంగుళాలు పైకి పెట్టుకుంటే 200 గజాల దగ్గర సూటిగా తగులుతుంది, జింక వేటకి లెక్కలు వేసుకోనక్కర్లేదు.

చెవులకి ప్లగ్గులు, పైన మఫ్స్, రెండూ. ఈ తుపాకీ చప్పుడుకి ఒక్కటి చాలదు. మెత్తటి రీకాయిల్ ప్యాడ్, ఒక స్లింగ్, ముందూ వెనకా ఇసక సంచులు. క్రోనోగ్రాఫ్ ఉంటే బుల్లెట్ వేగం మాన్యువల్‌తో పోల్చుకోవచ్చు, వేగం అనుకున్నదాన్ని మించితే ఒత్తిడీ మించినట్టే. క్లీనింగ్ రాడ్‌తో పాటు, దాన్ని గొట్టం మధ్యలో నిలిపే బోర్ గైడ్ తీసుకోండి, లేకపోతే రాడ్ వంగి గాడుల అంచుల్ని గీస్తుంది. ట్రైపాడ్‌లు, రేంజ్ ఫైండర్‌లు ఒక సీజన్ గడిచాక, నిజంగా లోటు తెలిసినప్పుడు కొనుక్కోవచ్చు.

రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగ్ విడిగా ఉంచండి, దాన్ని ఇంకే ప్రయాణానికీ వాడకండి. జేబు మూలలో మర్చిపోయిన ఒక్క తూటా హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, మర్చిపోయానంటే వెంటనే వదిలేయరు. ఖాళీ కేస్ కూడా వివరణలకి దారి తీస్తుంది. ఇండియాకి బయల్దేరే ముందు సూట్‌కేసులు, జాకెట్ జేబులు, పిల్లల బ్యాక్‌ప్యాక్‌లు అన్నీ తిరగేసి దులిపాకే బట్టలు సర్దండి.